ఎలీహియోకి వచ్చిన గుండెపోటు

బడి నుంచి వచ్చిన ఉత్తరం స్పానిష్‌లో ఉంది. ఒబ్దూలియాకు మొదటి అనుమానం అక్కడే వచ్చింది.

ఏడేళ్లుగా కూతురు యరేలి ఆ బడిలో చదువుతోంది. ఇన్నాళ్లూ పేలు పడ్డాయని రాసినా, విహారయాత్రకు సంతకం కావాలని రాసినా అంతా ఇంగ్లిష్‌లోనే. పిల్ల చదివి చెప్తే తల్లి వినేది. ఇప్పుడు ఉన్నట్టుండి "గౌరవనీయులైన తల్లిగారికి" అంటూ మొదలైంది. మీ అమ్మాయి మనసు బాగోగుల గురించి మాట్లాడాలి, మీ భాష వచ్చిన కౌన్సిలర్ ఉన్నారు, గురువారం నాలుగింటికి క్లినిక్‌కి రండి, రుసుమేమీ లేదు. ఇదీ సారాంశం.

మన భాష, ఉచితం, పైగా మర్యాద. ఈ మూడూ ఒకే కాగితం మీద కనిపిస్తే ఎక్కడో మెలిక ఉండి తీరుతుందని ఒబ్దూలియా నమ్మకం. మెక్సికో నుంచి వచ్చిన ఆమె పద్నాలుగేళ్లుగా అమెరికాలో యాకిమా లోయలోని యాపిల్ షెడ్డులో బెల్టు పక్కన నిలబడి, పైకి నిగనిగలాడే పళ్లలో పురుగున్నదాన్ని ఏరి పారేస్తోంది. ఆ చూపు సాయంత్రం ఇంటికొచ్చాక కూడా మానేది కాదు.

మర్నాడు బెల్టు దగ్గర క్రెసెన్సియాకు ఉత్తరం సంగతి చెప్పింది. క్రెసెన్సియా యరేలికి బాప్తిస్మం నాటి జ్ఞానతల్లి. లోకంలో ఏ కీడు జరిగినా తనకు ముందే తెలుసనే రకం.

"పిచ్చి డాక్టరా? వెళ్లకు వదినా," అంది క్రెసెన్సియా బెల్టు రొదలో గొంతు పెంచి. "ఇంగ్లిష్ డాక్టరైతే అర్థం కానట్టు తలూపి బయటపడొచ్చు. మన భాషొచ్చినదాని ముందు ఆ దారి కూడా మూసుకుపోతుంది. నోరు జారితే పట్టుకోడానికేగా దాన్ని కూర్చోబెట్టింది!"

"వెళ్లకపోతే ఇంటికొస్తారేమో?"

"వస్తారు. ఎందుకు రారు?"

"మరి వెళ్లొద్దంటావేంటే?"

"వెళ్లినా వస్తారు," అంది క్రెసెన్సియా, మచ్చపడ్డ యాపిల్ ఒకటి డబ్బాలోకి విసిరేస్తూ. సలహా అడిగితే ఉన్న ధైర్యం కూడా ఊడ్చిపెట్టే మనుషులు ప్రతి షెడ్డులోనూ ఒకరుంటారు.

ఉత్తరం ఎందుకొచ్చిందో ఒబ్దూలియాకు తెలియకపోలేదు. యరేలి ఎడమ చెవి వెనక పెసో బిళ్ళంత మేర జుట్టు లేదు. మొదట తామరేమో అనుకుని వెల్లుల్లి రుద్దింది. తరవాత ఉల్లిరసం, ఆ తరవాత కలబంద. చివరికి మూలింటి ముసలమ్మ దగ్గరికి తీసుకెళ్తే, ఆమె కోడిగుడ్డుతో పిల్ల ఒళ్లంతా నిమిరి, గ్లాసు నీళ్లలో పగలగొట్టి చూసి, "భయం పట్టుకుంది" అని తేల్చింది. దేనికి భయమని అడిగితే గుడ్డు అంతవరకే చెప్తుందంది. ఒకరోజు తలగడ మీద వెంట్రుకల పోగు చూశాక గానీ, పిల్ల తన జుట్టు తానే పీక్కుంటోందని ఒబ్దూలియాకు తెలియలేదు. వ్యాయామం క్లాసులో జుట్టు పైకి కట్టినప్పుడు బడి నర్సు కంట పడినట్టుంది.

ఇంటికి ఎవరైనా వస్తే అక్కడ ఆమె మొగుడు ఎలీహియో ఉంటాడు. అసలు గొడవంతా అదే. కాగితాల్లేవని అతణ్ణి ఒకసారి పట్టుకుని మెక్సికో సరిహద్దు దాటించేశారు. ఎడారిలో నాలుగు రోజులు నడిచి మళ్లీ వచ్చాడు. రెండోసారి దొరికితే నేరుగా జైలే. అందుకే యరేలికి ఆరేళ్లు నిండకముందే ఒబ్దూలియా ఒక పాఠం నేర్పింది. ఎవరడిగినా, టీచరడిగినా, ఫాదరడిగినా, "మా నాన్న మెక్సికోలో ఉన్నాడు." అన్నానికి ముందు ప్రార్థన మరిచిపోయినా ఊరుకునేది గానీ, ఈ పాఠంలో తడబడితే చెవి మెలేసేది.

గురువారం ముగ్గురూ పాత ట్రక్కులో బయల్దేరారు. ఎలీహియో క్లినిక్ ముందు ఆపకుండా రోడ్డవతల లాండ్రీ దగ్గర ఆపి, టోపీ ముక్కు మీదకి లాక్కుని సీట్లో కిందికి జారాడు.

"ఏమడిగినా అంతా బాగుందని చెప్పు. నిద్ర బాగా పడుతోంది, తిండి బాగా తింటున్నాను. సరేనా?" అంది ఒబ్దూలియా రోడ్డు దాటుతూ.

"సరే అమ్మా."

"నాన్న?"

"మెక్సికోలో."

లోపల గోడలకు పసుపు రంగు, పైన రంగు కాగితాల తోరణాలు, మూలన మట్టికుండలో నాగజెముడు. మచ్చిక చేసుకోవడానికి బాగానే సర్దారు అనుకుంది ఒబ్దూలియా. ఫారంలో అడ్రసు దగ్గర క్రెసెన్సియా అడ్రసు రాసింది. తన అడ్రసు ఇలా ఊరేగుతోందని తెలిస్తే క్రెసెన్సియా గుండె ఆగిపోయేది.

కౌన్సిలర్ పేరు నెరెయిదా. నలభై ఏళ్లుంటాయి, ఉంగరాల జుట్టు, చెప్పులు విడిచి కుర్చీలో కాళ్లు ముడుచుకుని కూర్చునే అలవాటు. నోరు విప్పగానే తెలిసిపోయింది, మాట చివర్లు మింగేస్తోంది, ప్యూర్టో రికో మనిషి. పుట్టుకతోనే అమెరికా పాస్‌పోర్టు చేతబట్టుకొచ్చే జాతి. పోగొట్టుకోడానికి ఏమీ లేనివాళ్లు ఎంత తియ్యగానైనా మాట్లాడతారు.

"ఒబ్దూలియా గారూ, ముందు ఒక మాట," అంది నెరెయిదా. "మీవారు పోయారని తెలిసి చాలా బాధనిపించిందండీ. రెండేళ్లయినా ఆ లోటు లోటే."

ఒబ్దూలియా కూతురి వైపు చూసింది. యరేలి తన బూట్ల లేసులు చూసుకుంటోంది.

ఎవరు చెప్పారు? ఎందుకు చెప్పారు? ఒబ్దూలియా బుర్ర గిరగిరా తిరిగింది. కాదు, బతికే ఉన్నాడంటే వెంటనే వచ్చే ప్రశ్న "అయితే ఎక్కడున్నాడు?" అని. ఓహో, అందుకా! చనిపోయాడని వాళ్లే అని, బతికున్నాడని తన నోటితోనే అనిపించాలని చూస్తున్నారు. ఇంత తేలిగ్గా పడేదాన్నా నేను అనుకుంది.

"దేవుడి చిత్తం," అంది గుండెల మీద శిలువ గుర్తు వేసుకుని.

"ఎలా జరిగిందో చెప్పగలరా? ఇబ్బందైతే వద్దు."

"గుండె. నిద్రలోనే."

"ఇక్కడేనా?"

"అక్కడే, మా ఊళ్లో."

అబద్ధం ఎత్తుకోవడమే కష్టం. ఎత్తుకున్నాక అదే దారి చూపిస్తుంది. ఆరోజు వాన పడిందని చెప్పింది ఒబ్దూలియా. శవపేటిక తెల్లదని, పైన బంగారు రంగు పిడులున్నాయని, ఊరి బ్యాండు వాళ్లు డబ్బులు తీసుకోకుండా వాయించారని చెప్పింది. నిజంగానే కళ్లు చెమర్చాయి. తన మొగుడి శవయాత్ర ఇంత ఘనంగా జరిగినందుకు లోలోపల కాస్త గర్వం కూడా కలిగింది.

"మీరు వెళ్లగలిగారా?" అడిగింది నెరెయిదా.

"వెళ్తే మళ్లీ రానిస్తారా నన్ను?" అనేసి నాలుక్కరుచుకుంది ఒబ్దూలియా.

నెరెయిదా అది రాసుకోలేదు. కలం బల్ల మీద పెట్టేసి, చల్లారిన కాఫీ ఒక గుక్క తాగింది. రాసుకుంటే భయపడాలి, రాసుకోలేదంటే ఇంకా భయపడాలి, బాగా గుర్తుపెట్టుకుందన్నమాట.

రోడ్డు దాటి ట్రక్కు తలుపు వేయగానే ఒబ్దూలియా కూతురి జబ్బ పట్టుకుంది. "ఎవరే చంపింది మీ నాన్నని?"

ఎలీహియో టోపీ పైకెత్తాడు. "నేను పోయానా? ఎప్పుడు?"

"రెండేళ్ల కిందట. గుండెపోటు."

"పోన్లే, తాగి పోయానని చెప్పలేదు," అని పడీపడీ నవ్వాడు. "పేటిక ఎలాంటిది కొన్నావ్? చవకది కాదు కదా?"

యరేలి నవ్వలేదు. "రెండేళ్ల కిందట టీచర్ మా అందరిచేత దూరంగా ఉన్నవాళ్లకు ఉత్తరాలు రాయించింది," అంది చిన్నగా. "నాన్న అడ్రసు అడిగింది. ప్రతివారం అడిగేది, జవాబొచ్చిందా, ఎప్పుడొస్తారు అని. చచ్చిపోయాడని చెప్పాను. ఇంక అడగలేదు."

ఒబ్దూలియా తిట్టడానికి నోరు తెరిచింది గానీ తిట్టు దొరకలేదు. పిల్ల చేసింది తెలివైన పనే. మెక్సికోలో ఉన్న మొగుడి గురించి ప్రశ్నలు తెగవు, చచ్చిన మొగుణ్ణి ఎవరూ వెతకరు. ఇకమీదట ఇదే పాఠం అని తేల్చేసింది.

ఆ తరవాత మూడు గురువారాలు వెళ్లారు. మానేస్తే ఇంటికొస్తారన్న భయంతోనే వెళ్లారు. నెరెయిదా పిల్లను ఒక్కదాన్నే లోపలికి తీసుకెళ్లేది. గది బయట నేలమీద చిన్న గుండ్రటి డబ్బా ఒకటి ఎప్పుడూ వాన కురుస్తున్నట్టు శబ్దం చేస్తుండేది. లోపలి మాటలు బయటికి వినపడకుండా పెట్టారని గుమాస్తా పిల్ల చెప్పింది. ఒబ్దూలియా దాన్ని ఎత్తి అడుగున చూసింది, ఊపి చూసింది. ఇది మాటలు వినపడకుండా చేసేదో, విని దాచిపెట్టేదో ఎవరు చూడొచ్చారు? డబ్బా పక్కన కూర్చున్నంతసేపూ మూతి బిగించుకునే ఉండేది, ఫోనొస్తే వీధిలోకి వెళ్లి మాట్లాడేది.

"ఏమడిగింది?" అనేది బయటికొచ్చిన పిల్లను.

"బొమ్మలేయమంది."

"ఏం బొమ్మ?"

"ఇల్లు."

"ఇంట్లో ఎంతమందిని వేశావ్?"

"ఎవర్నీ వేయలేదమ్మా. ఉత్త ఇల్లే."

శభాష్ అనుకుంది ఒబ్దూలియా. కానీ చెవి వెనక బిళ్ళ అరచేయంత అయింది. ఇంకో కొత్త అలవాటు కూడా మొదలైంది. ఎలీహియో పని నుంచి వచ్చి సోఫాలో కునుకు తీస్తే, పిల్ల పిల్లిలా వెళ్లి అతని రొమ్ము మీద చెవి ఆనించి వినేది. అతను కదిలితే లేచిపోయేది, సద్దుమణిగాక మళ్లీ వచ్చేది. అతను తోటలోంచి పది నిమిషాలు ఆలస్యంగా వస్తే ఆ పది నిమిషాలూ దాని వేళ్లు చెవి వెనకే ఉండేవి. ఒబ్దూలియా చేతికి మేజోళ్లు తొడిగించింది, తిట్టింది, బతిమాలింది. పిల్ల మేజోళ్లు విప్పి పీక్కుంది. ఇలాగే సాగితే తలంతా బోసిపోతుంది, బడివాళ్లు ఈసారి క్లినిక్‌కి కాదు, ఇంకెక్కడికో పంపుతారు, పిల్లనే తీసుకుపోతారు. రొట్టెలు కాలుస్తూ ఒబ్దూలియా ఇదే తలపోసేది, రెండు మాడబెట్టేది.

అక్టోబరు చివరికొచ్చింది. నాలుగో గురువారం నెరెయిదా తల్లీకూతుళ్లిద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది. "వచ్చేవారం చనిపోయినవాళ్ల పండగ కదా. మీ ఊళ్లో చేసినట్టే ఇక్కడ ఆయనకో పీఠం పెట్టి కొవ్వొత్తి వెలిగిద్దాం. యరేలి వాళ్ల నాన్నకు సరిగ్గా వీడ్కోలు చెప్పినట్టు అనిపించట్లేదు నాకు. బంతిపూలు, రొట్టె నేను తెస్తాను. మీరు ఆయన ఫొటో తెండి."

ట్రక్కులో ఈ మాట వినగానే ఎలీహియో నవ్వు ఎగిరిపోయింది. చచ్చాడన్నా నవ్వినవాడు ఇంజను ఆపేసి కూర్చున్నాడు.

"పీఠం మీదా? నన్నా?"

"ఫొటోనే."

"బతికున్నోడి ఫొటో చచ్చినోళ్ల మధ్య పెడతారటే ఎవరైనా? మా మేనత్త ఇంట్లో పెళ్లి ఫొటో ఒకటి పొరపాటున పెట్టారు. అందులో బతికున్న బాబాయి కూడా ఉన్నాడు, మళ్లీ పండగ చూడలేదు. నోటితో ఎన్నైనా చెప్పుకో ఒబ్దూలియా, నేనేమీ అనను. అది మాత్రం వద్దు."

"నాకు తెలీదా! నేనేమన్నా తెల్లదాన్నా?" అని కసిరింది ఆమె. అప్పటికే ఉపాయం ఆలోచించుకుంది. ఎలీహియో అన్న ఫిదెన్సియో నిజంగానే పోయాడు, అన్నదమ్ములిద్దరికీ ఒకటే ముక్కు, ఒకటే మీసం. ఆయన ఫొటో పెడితే ఆయనకూ పుణ్యం, వీళ్లకూ గండం గడుస్తుంది. చచ్చినవాడు బతికున్నవాడికి ఆమాత్రం సాయం చేయడా?

పండగ వారం గదిలో బల్ల మీద తెల్లగుడ్డ పరిచి ఉంది. బంతిపూలు, ఉప్పు, గ్లాసుడు నీళ్లు, కొవ్వొత్తి, పైన ఎముకల ఆకారం ఒత్తిన రొట్టె. అన్నీ పద్ధతిగానే సర్దింది ఆ ప్యూర్టో రికో మనిషి. ఎవర్ని అడిగి నేర్చుకుందో ఏమో, ఉప్పు గిన్నె మాత్రం తప్పు మూలన పెట్టింది. ఒబ్దూలియా దాన్ని జరిపి, ఫిదెన్సియో ఫొటో కోసం సంచి తెరిచింది.

"ఒక్క నిమిషమండీ," అంది నెరెయిదా. "ఫొటో ఏదో తననే ఎంచుకోమన్నాను. తెచ్చావా తల్లీ?"

యరేలి బడి సంచి జిప్పు లాగి, పుస్తకాల మధ్యనుంచి ఒక ఫొటో తీసింది. చెర్రీ తోటలో నిచ్చెన మీద కూర్చున్న ఎలీహియో, నోరంతా ఎర్రగా, నవ్వుతూ. నిరుడు వేసవిలో తీసిందే. పిల్ల దాన్ని తీసుకెళ్లి పూల మధ్య నిలబెట్టింది. మళ్లీ వచ్చి కుర్చీలో కూర్చుంది.

ఒబ్దూలియా చెయ్యి సంచిలోనే ఉండిపోయింది. ఇప్పుడు రెండో ఫొటో తీస్తే ఇద్దరు మొగుళ్లవుతారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"మీ చేత్తో వెలిగిస్తే బాగుంటుందండీ," అంటూ నెరెయిదా అగ్గిపెట్టె అందించింది.

ఒబ్దూలియా తీసుకుంది. ఒక కొవ్వొత్తి, ఒక పుల్ల, అర నిమిషం పని. ఇది ఊరు కాదు, ఇది గుడి కాదు, ఈ పీఠం ఉత్తుత్తిది అని తనకు తానే చెప్పుకుంది. ఆ మనిషి చూస్తోంది, చెయ్యి వణికితే పసిగడుతుంది. పుల్ల గీసింది. మంట లేచింది.

కూతురి వైపు చూసింది. యరేలి ఫొటోని చూడటం లేదు. తల్లి చేతినే రెప్ప వేయకుండా చూస్తోంది. ఎడమ చెయ్యి చెవి వెనక ఉంది. ఒకటి లాగింది, మళ్లీ ఒకటి లాగింది.

పుల్ల కాలి కాలి ఒబ్దూలియా వేలికి తగిలింది. ఆమె దాన్ని నేలమీద పారేసి తొక్కింది. బల్ల దగ్గరికి రెండంగల్లో వెళ్లి, పూలు చెదిరిపోతున్నా చూసుకోకుండా ఫొటో లాక్కుని గుండెలకు అదుముకుంది.

"చావలేదు," అంది. "మా ఆయన చావలేదు. బతికే ఉన్నాడు. నా ఇంట్లోనే ఉన్నాడు, ఈ ఉదయం నా చేతి బీన్సే తిని వెళ్లాడు. రాసుకో! ఇన్నాళ్లూ దీనికోసమేగా కూర్చున్నావ్, రాసుకో ఇప్పుడు!"

నెరెయిదా లేచి నిలబడింది. చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయింది.

"నేనెంత పని చేశాను," అంది మెల్లిగా. "బతికున్న మనిషికి... క్షమించండి. నన్ను క్షమించండి. బడివాళ్ల కాగితంలో రాసి ఉంటే నమ్మేశాను."

"నాటకాలొద్దు. ఎవరికి చెప్తావ్?"

"ఎవరికీ చెప్పనండీ. ఇక్కడ రాసేది అమ్మాయి గురించే. ఎవరికి కాగితాలున్నాయో, ఎవరికి లేవో నేను రాయను, ఈ క్లినిక్‌లో ఎవరూ రాయరు. మొదటిరోజు సంతకం చేయించినదాంట్లో అదే ఉంది."

"సంతకం పెట్టాను గానీ, చదివానని ఎవరన్నారు? నిన్ను నేను నమ్మను."

"నమ్మకండి," అంది నెరెయిదా. ఆవిడ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నమ్మకపోయినా వచ్చే గురువారం తీసుకురండి. ఆ తల చూస్తున్నారుగా."

ఒబ్దూలియా ఇప్పుడే ఇల్లు మారాలా, రేపు మారాలా, క్రెసెన్సియా అడ్రసు ఇచ్చాను కాబట్టి రెండు రోజులు టైముంటుందా అని లెక్కలేస్తోంది. అంతలో భుజం మీది శాలువా అంచు ఎవరో పట్టుకు లాగారు. యరేలి.

"అమ్మా. నువ్వు వెలిగిస్తావనుకున్నా."

"ఛీ! నేనెందుకు వెలిగిస్తానే? మీ నాన్నకు?"

"ఆవిడ అడిగినవాటన్నిటికీ ఔనన్నావుగా. పేటిక తెల్లదన్నావ్. వాన పడిందన్నావ్. ఏడ్చావు కూడా." పిల్ల చెయ్యి మళ్లీ చెవి వెనక్కి వెళ్లింది. "నేను చచ్చిపోయాడని ఒక్క మాటే అన్నాను. గుండె అని నువ్వే అన్నావ్. నాన్న గుండెకు ఏదో ఉందని నీకు తెలుసేమో, నాకు చెప్పట్లేదేమో అనుకున్నా. అందుకే ఆ ఫొటో తెచ్చాను. దానికి కూడా వెలిగిస్తావో లేదో చూద్దామని."

"యరేలీ..."

"రేపెవరైనా వచ్చి నా గురించి అడిగితే, నేను కూడా చచ్చిపోయానని చెప్తావా అమ్మా? తెల్ల పేటికలో పెట్టానని చెప్తావా?"

ఒబ్దూలియా దగ్గర పోలీసుకు జవాబుంది, టీచరుకు జవాబుంది, షెడ్డు మేనేజరుకు జవాబుంది. దీనికి లేదు. లోకమంతటినీ అనుమానిస్తూ ఇన్నాళ్లూ తలుపులు వేసుకుంటే, లోపల కూర్చుని తన కూతురు తననే అనుమానిస్తోందన్న సంగతి ఆమెకు తట్టనే లేదు. నేలమీద చతికిలబడి పిల్లను ఒళ్లోకి లాక్కుంది. పన్నెండేళ్ల పిల్ల, ఒళ్లో పట్టలేదు, కాళ్లు బయటే ఉండిపోయాయి.

"చెప్పను," అంది. "చెప్పనే తల్లీ. చెప్పను."

యరేలి తల ఎత్తి తల్లి మొహంలోకి చూసింది. ఆ చూపు ఒబ్దూలియాకు బాగా తెలుసు. బెల్టు దగ్గర ప్రతి పండునూ తాను తిప్పి తిప్పి చూసే చూపే అది. అలా చూసి చూసి, ఏమీ తేల్చుకోకుండానే, పిల్ల మళ్లీ తల్లి భుజం మీద తల వాల్చింది.